రెడ్‌బుల్ ఫార్ములా 1 కారుకి అసలేమైంది? స్పెయిన్ తర్వాత ఒక్క గెలుపూ లేదు

చివరి_మలుపు
మోంజాలో ఇటలీ రేసు చూసి టీవీ కట్టేసి పడుకుందామనుకున్నా. నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడికొచ్చి పడ్డా. ఈ 2024 సీజన్ మొదటి 10 రేసుల్లో 7 గెలిచిన కారు ఇదేనా? జూన్ 23న స్పెయిన్‌లో మా డ్రైవర్ వెర్‌స్టాపెన్ గెలిచాడు. ఆ తర్వాత ఆస్ట్రియా, సిల్వర్‌స్టోన్, హంగరీ, స్పా, జాండ్‌వూర్ట్, ఇప్పుడు మోంజా. ఆరు రేసులు, గెలుపులు సున్నా. ఇవాళ ఆరో స్థానం, అదీ గెలిచిన ఫెరారీ డ్రైవర్ లెక్‌లేర్‌కి దాదాపు 38 సెకన్లు వెనక. పిట్ స్టాప్ ఒకటి ఆలస్యమైంది, నిజమే, కానీ 38 సెకన్లు పిట్‌లో పోలేదు కదా.

శనివారం క్వాలిఫయింగ్ (రేసులో ఎవరు ఏ స్థానంలో మొదలవ్వాలో తేల్చేది) ఇంకా వింత. రెండో దశ క్యూ2లో తను వేసిన ల్యాప్ కంటే చివరి దశ క్యూ3లో నెమ్మదిగా వెళ్లాడు. అదే కారు, అదే ట్రాక్, మధ్యలో అరగంట కూడా లేదు.

పోయినేడు 22 రేసుల్లో 21 గెలిచిన జట్టు హఠాత్తుగా ఇలా ఎలా అయిపోతుంది? అర్థమయ్యేలా చెప్పండి ఎవరైనా. కార్ల డిజైనర్ పేరెత్తి "న్యూవీ వెళ్లిపోతున్నాడుగా" అని ఒక్క ముక్కలో తేల్చేయకండి ప్లీజ్.

బాక్స్_బాక్స్
న్యూవీ వెళ్లిపోతున్నాడుగా.

చివరి_మలుపు
అనుకున్నా.

బొప్పాయి_దళం
కారుకేమీ కాలేదు అన్నా. మేం ముందుకొచ్చాం, అంతే. మయామీలో మెక్‌లారెన్ పెద్ద అప్‌గ్రేడ్ తెచ్చింది, మా డ్రైవర్ నోరిస్ మొదటి గెలుపు గెలిచాడు. అక్కణ్ణుంచి లెక్క మారింది. పక్కవాడు పొడుగైతే మనం పొట్టిగా కనిపిస్తాం, మన ఎత్తు తగ్గినట్టు కాదు.

ల్యాప్_చార్ట్
@బొప్పాయి_దళం సగం ఒప్పుకుంటా. "హఠాత్తుగా" అనేదే తప్పు. మయామీ మే 5న. ఆ తర్వాత ఇమోలాలో వెర్‌స్టాపెన్ గెలిచాడు గానీ నోరిస్ వెనక ఒక్క సెకను కూడా లేడు, 0.7 అంతే. మొనాకోలో ఆరో స్థానం. స్పెయిన్ గెలుపు కూడా 2 సెకన్ల తేడాతోనే. అంటే మే నెలలోనే కారు జారడం మొదలైంది, గెలుపులు దాన్ని కప్పేశాయి. మనం ఫలితాలు చూస్తూ కూర్చున్నాం, తేడాలు చూడలేదు.

కానీ పొట్టి పొడుగు కథ మోంజాకి సరిపోదు. మెక్‌లారెన్ ఒక్కటే ముందుంటే రెండో మూడో స్థానం రావాలి. రెండు మెక్‌లారెన్‌లు, రెండు ఫెరారీలు, హామిల్టన్ మెర్సిడెస్, అందరి వెనకా రావడమంటే ఇంట్లోనే ఏదో జరిగింది.

టిఫోసీ_గోడు
మా లెక్‌లేర్ మోంజాలో గెలిచిన రోజున రెడ్‌బుల్ గురించి దారం తెరిచారంటే మీ మనసు ఎంత గట్టిదో అర్థమవుతోంది.

సరే, విషయానికొస్తా. బ్రేకుల సంగతి ఎవరూ ఎత్తలేదేం? వెనక చక్రాల్లో ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ బ్రేక్ పడేలా చేస్తే కారు మలుపులోకి తనంతట తనే తిరుగుతుంది. జూలై ఆఖర్లో రేసుల నియంత్రణ సంస్థ ఎఫ్‌ఐఏ రూల్లో కొత్త వాక్యం చేర్చింది, ఒకే యాక్సిల్ (ఇరుసు) మీద అటూ ఇటూ వేర్వేరు బ్రేక్ బలం రావడానికి ఏ ఏర్పాటూ ఉండకూడదని. సీజన్ మధ్యలో ఊరికే ఎందుకు రాస్తారు? మార్చిలో ఆస్ట్రేలియాలో వెర్‌స్టాపెన్ కారు వెనక బ్రేక్ అంటుకుని ఆగిపోయింది గుర్తుందా? నాకైతే చుక్కలు కలిసిపోయాయి.

సీఎఫ్‌డీ_సత్తి
కాకి వాలింది, తాటిపండు రాలింది. రూల్ వచ్చింది జూలై ఆఖర్లో. పైన ల్యాప్_చార్ట్ చెప్పినట్టు కారు జారింది మేలో. కారణం ఫలితం కంటే రెండున్నర నెలలు ఆలస్యంగా వస్తుందా? ఏ జట్టూ అలాంటిది వాడలేదనే ఎఫ్‌ఐఏ చెప్పింది కూడా.

టిఫోసీ_గోడు
కాగితం మీద జూలై. చెవిలో ముందే చెప్పి ఉండొచ్చుగా. 2019లో మా ఫెరారీ ఇంజన్ మీద అనుమానం కూడా మొదట చెవుల్లోనే నడిచింది. తర్వాత ఎఫ్‌ఐఏతో రహస్య ఒప్పందం, 2020లో కన్‌స్ట్రక్టర్లలో (జట్ల పట్టికలో) ఆరో స్థానం. ఆ బాధ పడ్డవాణ్ణి, వాసన పట్టేస్తా.

పాత_వీ10
చెవిలో చెప్పి ఉండొచ్చు, చెప్పకపోయీ ఉండొచ్చు. దాంతో ఏదైనా రుజువు చెయ్యొచ్చు బాబూ, అదే దాని ఇబ్బంది.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి పాత కథ ఒకటి. 1997లో మెక్‌లారెన్ కాక్‌పిట్‌లో ఒక పెడల్ ఎక్కువుంది. ఒక్క వెనక చక్రానికే బ్రేక్ వేసే పెడల్ అది. మలుపు నుంచి బయటపడి వేగం అందుకునే చోట ఆ కారు వెనక బ్రేక్ డిస్క్ ఎర్రగా మెరవడం ఒక ఫొటోగ్రాఫర్ గమనించాడు. అక్కడ బ్రేక్ ఎందుకు వేస్తారు ఎవరైనా? తర్వాత ఓ రేసులో కారు ఆగిపోతే కాక్‌పిట్‌లోకి కెమెరా పెట్టి ఫొటో తీశాడు, గుట్టు బయటపడింది. 1998 మొదట్లో నిషేధించారు. అయినా ఆ ఏడు టైటిల్ మెక్‌లారెన్‌దే. ఒక్క చిట్కా తీసేస్తే కూలిపోయే కారు అసలు మంచి కారే కాదు.

2006 కూడా చూడండి. రెనో డ్రైవర్ అలోన్సో మొదటి 9 రేసుల్లో 6 గెలిచాడు. తర్వాత రెనో ముక్కులో ఉండే, కుదుపులు తగ్గించే మాస్ డ్యాంపర్‌ని జూలైలో జర్మనీ రేసు దగ్గర ఆపేశారు. ఇప్పటికీ అందరూ "డ్యాంపర్ తీశారు, రెనో పడింది" అనే చెప్తారు. కానీ దానికి ముందే అమెరికా, ఫ్రాన్స్ రెండూ ఫెరారీ షూమాకర్ గెలిచేశాడు. నిషేధాలకి పేరొస్తుంది, అసలు పని వేరేచోట జరుగుతుంది.

బాక్స్_బాక్స్
నా న్యూవీ సిద్ధాంతానికి ఎవరూ జవాబివ్వలేదు. వెళ్తున్నట్టు ప్రకటన మే 1. కారు జారింది మే 5. ఇంతకంటే ఏం కావాలి?

సీఎఫ్‌డీ_సత్తి
నాలుగు రోజుల్లో కారు అలిగిందంటావా? మయామీలో పెట్టిన పార్టులు గీసింది నెలల కిందట. కొత్త ఫ్లోర్ (కారు కింది పలక) ఒకటి ఆలోచన నుంచి ట్రాక్ మీదకి రావాలంటే చాలా దశలుంటాయి: కంప్యూటర్ లెక్కలు, విండ్ టన్నెల్ (గాలి సొరంగం) మోడల్, తయారీ, బలం పరీక్షలు.

అయినా నీ మాటలో ఒక గింజ ఉంది. న్యూవీ లాంటి మనిషి లేకపోవడం వల్ల పోయేది గీతలు గీసే చెయ్యి కాదు. "ఈ దారి తప్పు, వెనక్కి రండి" అని ముందుగా అనగలిగే నోరు పోతుంది. ఆ నష్టం నాలుగు రోజుల్లో కాదు, నాలుగు నెలల్లో బయటపడుతుంది.

చివరి_మలుపు
సత్తిగారూ, మీరు ఆ రంగంలోనే ఉన్నట్టున్నారు. అసలు కారుకి ఏమై ఉంటుందో కాస్త విడమరచి చెప్పండి. నాకు అండర్‌స్టీర్ అంటే ముందుకి తోసుకుపోవడం, ఓవర్‌స్టీర్ అంటే వెనక జారడం, అంతవరకే తెలుసు.

సీఎఫ్‌డీ_సత్తి
అది చాలు. నేను గాలి లెక్కలు చేసేవాణ్ణే గానీ రేసింగ్‌లో కాదు, ఫ్యాన్లూ పంపులూ. కాబట్టి ఉప్పు వేసుకుని చదవండి.

2022 నుంచి వచ్చిన కార్లలో బలమంతా కింది ఫ్లోర్‌లో ఉంటుంది. నేలకీ ఫ్లోర్‌కీ మధ్య గాలి ఇరుకు సందులోంచి పరుగెత్తుతుంది, కారుని కిందకి లాగుతుంది. ఎంత నేలకి దగ్గరైతే అంత లాగుడు, ఒక హద్దు దాకా. హద్దు దాటితే గాలి ఊపిరాడక తెగిపోతుంది, కారు ఎగిరెగిరి పడుతుంది. అంటే మిల్లీమీటర్ల ఆట.

ఇప్పుడు చిక్కు ఏంటంటే, వేగం పెరిగే కొద్దీ కారు కిందకి దిగుతుంది, ముందూ వెనకా ఒకేలా దిగదు. అందువల్ల నెమ్మది మలుపులో ముందు చక్రాలు పట్టక తోసుకుపోతుంది, వేగం మలుపులో వెనక చక్రాలు వదిలేస్తాయి. ఒకటి సరిచేస్తే రెండోది చెడుతుంది. డ్రైవర్‌కి మలుపు మొదట్లో ఒక కారు, మధ్యలో ఇంకో కారు. మోంజా తర్వాత వెర్‌స్టాపెన్ ఆ కారుని నడపలేని రాక్షసి అన్నది దీని గురించే అనుకుంటున్నా.

కొత్త పార్టు వస్తే టన్నెల్లో మొత్తం డౌన్‌ఫోర్స్ (కిందకి లాగే బలం) పెరిగినట్టు చూపిస్తుంది. అందరూ చప్పట్లు. కానీ ఆ పెరిగింది ఎక్కడ, ఎప్పుడు పెరిగింది? వెనక స్థిరంగా ఉండి ముందు ఊగిసలాడితే ఆ పెరుగుదల డ్రైవర్‌కి అక్కరకు రాదు. కాగితం మీద వేగం, చేతిలో భయం. అలాంటి అప్‌గ్రేడ్‌లు రెండు మూడు వరసగా పేర్చుకుంటూ పోయారని నా అనుమానం. టన్నెల్ చెప్పేదీ ట్రాక్ చెప్పేదీ కలవడం లేదని జట్టు బాస్ హార్నర్ కూడా ఒప్పుకున్నాడు.

ల్యాప్_చార్ట్
ఆ టన్నెల్ బెడ్‌ఫోర్డ్‌లోది. ప్రచ్ఛన్న యుద్ధం నాటి వస్తువని హార్నరే చెప్పాడు. మిల్టన్ కీన్స్‌లో కొత్తది కడుతున్నారు, ఇంకా పూర్తవలేదు. మెక్‌లారెన్‌కేమో పోయినేడు సొంత కొత్త టన్నెల్ వచ్చింది, అంతకుముందు కొలోన్‌లో టయోటా వాళ్లది వాడుకునేవాళ్లు.

పైగా వాడే సమయం కూడా తక్కువ. ఛాంపియన్ జట్టుకి టన్నెల్ కోటా 70 శాతం, ఒక్కో స్థానం కిందకెళ్లే కొద్దీ 5 శాతం ఎక్కువ. పోయినేడు నాలుగో స్థానంలో ఉన్న మెక్‌లారెన్‌కి ఈ ఏడు మొదటి సగంలో 85. ఇది కాక 2021లో ఖర్చు పరిమితి దాటినందుకు రెడ్‌బుల్‌కి 70 లక్షల డాలర్ల జరిమానా, ఏడాదిపాటు ఏరో పరీక్షల్లో 10 శాతం కోత. ఆ కోత నడిచిన నెలల్లోనే ఈ ఏడాది కారు ఆర్‌బీ20 పురుడు పోసుకుంది.

బొప్పాయి_దళం
పాత టన్నెల్ అనే సాకు నాకు ఎక్కదు. అదే టన్నెల్‌తో 2023లో 21 గెలిచారు. అప్పుడు గాలి వేరేనా?

ల్యాప్_చార్ట్
మంచి ప్రశ్నే. అప్పుడు మిగతావాళ్ల కంటే చాలా ముందున్నారు, చిన్న తప్పులు కనపడలేదు. ఇప్పుడు సెకనులో చివరి పదో వంతు కోసం వెతుకుతున్నారు. మీటర్ కర్ర పెట్టి గోడ కొలవచ్చు, వెంట్రుక మందం కొలవలేం.

రోల్‌బ్యాక్_రాణి
నాకు అర్థం కానిది ఒక్కటే. కొత్త పార్టులు పని చేయట్లేదంటే స్పెయిన్ నాటి కారుని తిరిగి బిగించుకోవచ్చు కదా? అది గెలిచిన కారే.

సీఎఫ్‌డీ_సత్తి
మీ పేరు చూస్తే ఈ ప్రశ్నకి జవాబు మీకే తెలిసుండాలి :)

రోల్‌బ్యాక్_రాణి
హహ. సరే, దొరికిపోయాను. సాఫ్ట్‌వేర్‌లో వెనక్కి వెళ్లడమంటే బటన్ నొక్కడం అనుకుంటారు బయటివాళ్లు. మా టీమ్ ఒకసారి అర్ధరాత్రి పాత వెర్షన్‌కి వెళ్లిపోయింది. వెళ్లాక తెలిసింది, మధ్యలో డేటాబేస్ మారిపోయింది, పాత ప్రోగ్రామ్‌కి కొత్త పట్టికలు అర్థం కావు. తెల్లారేదాకా టెన్షన్. పైగా భయంకరమైన నిజం ఇంకోటి బయటపడింది. మేం వెతుకుతున్న బగ్ పాత వెర్షన్‌లోనూ ఉంది. అప్పట్లో ఎవరూ ఆ మెనూ తెరవలేదు, అంతే.

బాక్స్_బాక్స్
"ఎవరూ ఆ మెనూ తెరవలేదు" = రెండో కారు డ్రైవర్ పెరెజ్ తెరిచాడు, ఎవరూ నమ్మలేదు.

పదకొండో_నంబర్
ఎవరైనా అంటారేమోనని ఇందాకటి నుంచి చూస్తున్నా. థాంక్స్ బాక్స్_బాక్స్, నువ్వు జోక్‌గా అన్నా సరే.

వరస చూడండి. పెరెజ్ మొదటి ఐదు రేసుల్లో నాలుగు పోడియంలు: బహ్రెయిన్ 2, సౌదీ 2, జపాన్ 2, చైనా 3. ఇమోలాలో 8. మొనాకోలో మొదటి ల్యాప్ ప్రమాదం, అది లెక్కలోకి రాదు. స్పెయిన్ 8, ఆస్ట్రియా 7, సిల్వర్‌స్టోన్ 17. ఒక మనిషి నాలుగు వారాల్లో నడపడం మర్చిపోతాడా? కారు కష్టంగా మారిందని ముందు చెప్పింది అతని ఫలితాలే. వెర్‌స్టాపెన్ చేతిలో ఉన్న నేర్పు ఆ లోటుని పూడ్చింది, జట్టుకేమో కారు బాగుంది, డ్రైవర్ బాగోలేడు అనిపించింది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, జబ్బు ఎక్కడుందో చెప్పే రెండో కారుని పక్కన పెట్టుకుని టన్నెల్లో వెతికారు.

బొప్పాయి_దళం
సిల్వర్‌స్టోన్‌లో క్వాలిఫయింగ్‌లోనే ట్రాక్ పక్క కంకరలో దిగబడ్డాడు మీవాడు. అది కూడా ఫ్లోర్ తప్పేనా?

పదకొండో_నంబర్
అది అతని తప్పే. ప్రతిదీ కారు మీదకి తోయడం లేదు. మొత్తం వాలు చూడమంటున్నా.

పాత_వీ10
పదకొండో_నంబర్ చెప్పిన దాంట్లో బలం ఉంది. ఒక డ్రైవర్ ఏ కారునైనా వేగంగా నడపగలిగితే ఆ జట్టుకి అది వరం, ఇంజనీర్లకి శాపం. అతని టైమ్ చూసి మంచి పార్టో చెడ్డ పార్టో తేల్చలేరు. అతను ఎలాగోలా తీసుకొచ్చేస్తాడు.

కార్ట్_కిట్టు
నేనూ ఒకటి చెప్తా, చిన్న స్థాయిది. కార్ట్‌లో డిఫరెన్షియల్ ఉండదు, వెనక రెండు చక్రాలూ ఒకే ఇరుసు. మలుపులో లోపలి వెనక చక్రం కాస్త గాల్లోకి లేవాలి, లేకపోతే కార్ట్ తిరగనని మొండికేస్తుంది. ఒక రేసు రోజు పొద్దున పట్టు చాలట్లేదని సీటుకి అదనపు కడ్డీ బిగించాను. ఒక్కసారిగా రాకెట్. మధ్యాహ్నానికి ట్రాక్ మీద అందరి టైర్ల రబ్బరు పరుచుకుంది, పట్టు దానంతటదే పెరిగింది. సాయంత్రం ఫైనల్లో మలుపు బయట ఇంజన్ గొంతు పూడుకుపోయినట్టు మూలుగుతోంది, ల్యాప్‌కి ముప్పావు సెకను పోయింది. కార్బ్యురేటర్ విప్పి చూశా, స్పార్క్ ప్లగ్ మార్చా, గొలుసు మార్చా. ఇంజన్‌కి ఏ జబ్బూ లేదు. పట్టు ఎక్కువై లోపలి చక్రం లేవడం లేదు, ఇరుసు ఈడ్చుకుపోతోంది. పొద్దున నన్ను గెలిపించిన కడ్డీయే సాయంత్రం ముంచింది.

అందుకే నాకు ఈ పెద్ద సిద్ధాంతాల కంటే "ట్రాకులు మారాయి, ఎండలు మారాయి, వాళ్ల సెటప్ కిటికీ ఇరుకైంది" అనేదే దగ్గరగా ఉంది. స్పాలో వానలో క్వాలిఫయింగ్‌లో వెర్‌స్టాపెన్ అందరి కంటే అర సెకను పైనే వేగం, ఇంజన్ పెనాల్టీ వల్ల 11లో మొదలుపెట్టాడు గానీ. చచ్చిన కారు అలా వెళ్లదు.

సీఎఫ్‌డీ_సత్తి
కిట్టూ, వానలో అందరూ కారుని కాస్త ఎత్తుగా, మెత్తగా పెట్టుకుంటారు, మలుపుల్లో వేగం తక్కువ. ఈ కారు జబ్బు బయటపడేది వేగం మలుపుల్లో, నేలకి అతుక్కున్నప్పుడు. కాబట్టి స్పా నీ వాదన కంటే నా వాదనకే సాయం.

కార్ట్_కిట్టు
లాయర్ కావాల్సినవాడివి నువ్వు.

గ్లిసరిన్_గోపి
ఇన్నాళ్లు చదివి వెళ్లిపోయేవాణ్ణి, దీనికోసం లాగిన్ అయ్యా. కాలేజీలో ఫార్ములా స్టూడెంట్ కారు కట్టాం. మూడో ఏడు కొత్త ఫ్రంట్ వింగ్ చేశాం. కంప్యూటర్‌లో పాతదాని కంటే ఎంతో మేలు. ట్రాక్ మీద పాతదాని కంటే నెమ్మది. మా డ్రైవర్ "బ్రేక్ తొక్కగానే ముందు భాగం మాయమైపోతోంది" అంటాడు, మేమేమో "నువ్వు అలవాటు పడాలి" అంటాం. రెండు వారాలు అదే గొడవ.

చివరికి పారాఫిన్ నూనెలో పసుపు రంగు పొడి కలిపి వింగ్ కింద పూసి, మూడు ల్యాపులు తిప్పి, కారుని స్టాండ్ల మీదకెత్తి కింద పడుకుని టార్చ్ వేసి చూశాం. అంచుల దగ్గర రంగు దువ్వెన పెట్టి దువ్వినట్టు సన్నటి గీతలుగా వెనక్కి పారింది. నడిమధ్యలో మాత్రం అరచేయంత మేర పూసింది పూసినట్టే ఉంది, చిన్న చిన్న బొట్లు కట్టి. అంటే అక్కడ గాలి వింగ్‌ని అంటుకోవడమే లేదు. బ్రేక్ వేసినప్పుడు ముక్కు వంగి నేలకి మరీ దగ్గరైపోతోంది, ఆ ఎత్తు మా లెక్కల్లో లేనే లేదు. మేం ఒకే ఎత్తులో లెక్క కట్టి పండగ చేసుకున్నాం.

పాత వింగ్ పెట్టేశాం. అయినా పాత టైమ్ రాలేదు! ఎందుకంటే ఈ రెండు వారాల్లో కొత్త వింగ్‌ని కాపాడుకోవడానికి స్ప్రింగులు మార్చాం, టైర్ గాలి మార్చాం, డ్రైవర్ బ్రేక్ తొక్కే పద్ధతి కూడా మార్చుకున్నాడు. ఏది దేనికోసం మార్చామో రాసుకోలేదు. రోల్‌బ్యాక్_రాణి గారి డేటాబేస్ కథ చదవగానే వెన్నులో వణుకొచ్చింది.

రోల్‌బ్యాక్_రాణి
స్వాగతం, మన సంఘంలోకి.

చివరి_మలుపు
గోపిగారూ, ఇన్నాళ్లు ఎక్కడ దాక్కున్నారు సార్. "నువ్వు అలవాటు పడాలి" అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. పెరెజ్ గుర్తొచ్చాడు.

టిఫోసీ_గోడు
మాకూ ఈ ఏడు ఇదే జరిగింది. స్పెయిన్‌లో కొత్త ఫ్లోర్ తెచ్చాం, వేగం మలుపుల్లో కారు గెంతడం మొదలైంది, సిల్వర్‌స్టోన్‌లో వెనక్కి తగ్గాం. మోంజాకి మళ్లీ కొత్తది తెచ్చి గెలిచాం. తప్పు ఒప్పుకుని త్వరగా వెనక్కొచ్చినవాడే బాగుపడ్డాడు. ఫెరారీని నేనిలా పొగడటం స్క్రీన్‌షాట్ తీసుకోండి, మళ్లీ దొరకదు.

బాక్స్_బాక్స్
తీశా.

బొప్పాయి_దళం
ఇప్పుడు ఎవరో ఒకరు మా ఫ్రంట్ వింగ్ వంగుతోంది అంటారు, నాకు తెలుసు.

టిఫోసీ_గోడు
వంగుతోంది.

ల్యాప్_చార్ట్
వంగుతుంది, పరీక్షలో పాస్ కూడా అవుతుంది. అన్ని వింగులూ ఎంతో కొంత వంగుతాయి, ఎఫ్‌ఐఏ బరువు వేలాడదీసి ఎంత వంగిందో కొలుస్తుంది. సత్తి చెప్పిన చిక్కుకి అదే మందు కదా: వేగంలో ముందు వింగ్ వెనక్కి వాలితే ముందు పట్టు తగ్గుతుంది, వెనక చక్రాలు వదలవు. నెమ్మదిలో నిటారుగా నిలిచి మలుపు తిప్పుతుంది. మెక్‌లారెన్, మెర్సిడెస్ ఆ మందు కనిపెట్టాయి. రెడ్‌బుల్ ఫిర్యాదులు చేస్తూ కూర్చుంది.

బొప్పాయి_దళం
నిజాయితీగా గెలుస్తుంటే ఓర్చుకోలేక...

టిఫోసీ_గోడు
నిజాయితీ కూడా వంగుతుందేమో, బరువు వేలాడదీసి చూడండి.

నిర్వాహకుడు
వింగుల గొడవకి వేరే దారం ఉంది. ఇక్కడ రెడ్‌బుల్ గురించే. ఇంకో ఎనిమిది పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్లకి తెలుసు.

పాత_వీ10
అందరూ 2006, 2019 అంటున్నారు (నాతో సహా). నాకైతే దీనికి అచ్చంగా పోలింది 2009 బ్రాన్ జట్టు. దాని డ్రైవర్ బటన్ మొదటి 7 రేసుల్లో 6 గెలిచాడు, టర్కీ ఆఖరిది. తర్వాత ఒక్కటి గెలిస్తే ఒట్టు. కారు వెనక అడుగున పెట్టిన డబుల్ డిఫ్యూజర్ చిట్కాని మిగతావాళ్లు కాపీ కొట్టేశారు, అభివృద్ధికి డబ్బుల్లేవు, ఆ కారు చల్లటి రోజుల్లో టైర్లు వేడి చేసుకోలేకపోయేది. అయినా మొదట్లో కూడబెట్టుకున్న పాయింట్లతోనే ఈదుకొచ్చాడు. బ్రెజిల్‌లో 14లో మొదలుపెట్టి అయిదో స్థానంలో వచ్చి టైటిల్ పట్టేశాడు. వెర్‌స్టాపెన్‌కి నోరిస్ మీద 62 పాయింట్లున్నాయి, ఎనిమిది రేసులు మిగిలాయి. ఇదీ అలాగే ముగుస్తుందని నా జోస్యం. జట్టు టైటిల్ మాత్రం వదులుకోండి, తేడా 8 పాయింట్లే, పెరెజ్ ఇలాగే వస్తుంటే తర్వాతి రేసు బాకుకే ఆ ఆధిక్యం పోతుంది.

పదకొండో_నంబర్
మళ్లీ పెరెజ్ మీదకే వచ్చారు.

బాక్స్_బాక్స్
సెప్టెంబర్ 10. న్యూవీ ఆస్టన్ మార్టిన్‌కి వెళ్తున్నాడు, ఇప్పుడే ప్రకటించారు. నా మొదటి పోస్టుకి ఎవరూ లైక్ కొట్టలేదని గుర్తుచేస్తున్నా.

ల్యాప్_చార్ట్
బాకు అయింది. మెక్‌లారెన్ 476, రెడ్‌బుల్ 456. @పాత_వీ10 మీ జోస్యం రెండో సగం జరిగింది. వింతేమంటే బాకులో పెరెజ్ చక్కగా పోటీలో ఉన్నాడు, ఆఖర్లో ఫెరారీ డ్రైవర్ సైన్స్‌తో గుద్దుకోకపోతే పోడియం అవకాశం ఉండేది. వెర్‌స్టాపెన్ అయిదు.

పదకొండో_నంబర్
నేనేం మాట్లాడను. ఊరికే నవ్వుకుంటున్నా. ఏడుస్తూ.

చివరి_మలుపు
ఆస్టిన్ చూశారా? కొత్త ఫ్లోర్ తెచ్చారు, వెర్‌స్టాపెన్ స్ప్రింట్ (శనివారం చిన్న రేసు) గెలిచాడు. కారు మాట వింటున్నట్టుంది. కానీ ఆ బిబ్ ఎత్తు మార్చే పరికరం గొడవేంటి మళ్లీ?

సీఎఫ్‌డీ_సత్తి
ఫ్లోర్ ముందంచుని బిబ్ అంటారు. దాని ఎత్తు మార్చే ఏర్పాటు రెడ్‌బుల్ కారులో ఉంది, వాళ్లే ఒప్పుకున్నారు. క్వాలిఫయింగ్‌కీ రేసుకీ మధ్య మార్చితే తప్పు, అంతకుముందు మార్చుకుంటే తప్పు లేదు. కారు మొత్తం బిగించాక అక్కడికి చెయ్యి వెళ్లదని వాళ్ల వాదన. ఎఫ్‌ఐఏ తనిఖీ బిగించింది, అవసరమైతే సీల్ కూడా వేస్తానంది. ఎవరూ దొరికిపోలేదు.

టిఫోసీ_గోడు
చుక్కలు...

సీఎఫ్‌డీ_సత్తి
కలపొద్దు. తనిఖీ బిగించాకే కదా స్ప్రింట్ గెలిచింది.

టిఫోసీ_గోడు
...కలపను. మెక్సికోలో మేం గెలిచాం, కన్‌స్ట్రక్టర్లలో మిమ్మల్ని దాటేశాం, ఇంక నాకు చుక్కలతో పనిలేదు.

ల్యాప్_చార్ట్
బ్రెజిల్. 17వ స్థానం నుంచి గెలుపు, వానలో, 19 సెకన్ల తేడాతో. స్పెయిన్ తర్వాత పదకొండో రేసు ఇది. లెక్క చూసి నేనే రెండుసార్లు కూడుకున్నా: మోంజా తర్వాత నోరిస్ మీద ఆధిక్యం 62. ఇప్పుడూ 62. రెండు నెలలు కిందా మీదా పడి అక్కడికే వచ్చాడు.

కార్ట్_కిట్టు
వానలో మళ్లీ. సత్తీ, ఏమంటావ్?

సీఎఫ్‌డీ_సత్తి
స్పాలో ఏమన్నానో అదే. కారు ఎత్తుగా ఉంది, జబ్బు నిద్రపోయింది. మిగతాదంతా డ్రైవరే. పెరెజ్ అదే వానలో 11.

పదకొండో_నంబర్
సత్తిగారూ, ఆ చివరి వాక్యం అవసరమా.

పాత_వీ10
లాస్ వేగాస్‌లో వెర్‌స్టాపెన్ టైటిల్ పట్టేశాడు. నాలుగోది. రేసులో ఎన్నో స్థానమో చూడండి. అయిదు. బ్రెజిల్ 2009, బటన్, అయిదు. నేనేం అనను.

బాక్స్_బాక్స్
అన్నారుగా.

చివరి_మలుపు
పాత_వీ10 గారికి దండం. అయినా వేగాస్‌లో ముందు రెండూ మెర్సిడెస్‌లు, తర్వాత రెండూ ఫెరారీలు, మా కారు వాటి వెనక. టైటిల్ సంబరం చూస్తూ కూడా నాకు క్యూ3లో నెమ్మదైన ఆ మోంజా ల్యాపే గుర్తొస్తోంది. వచ్చే ఏడు కారు దీని మీదే కడతారు కదా? గోపిగారూ, మీ కారు చివరికి ఏమైంది, చెప్పనే లేదు.

గ్లిసరిన్_గోపి
జూనియర్లకి అప్పజెప్పాం. వాళ్లు ఇంకో వింగ్ చేశారు. కంప్యూటర్‌లో చాలా బాగుందట.